మా సంఘానికి వచ్చిన ఇరవై రెండు ప్రశ్నలు
(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)

సోలాపూరు నుండి, సేలం నుండి, బరంపురం నుండి, యానాం నుండి వచ్చిన మనవాళ్ళందరినీ ఒక్కచోట చూస్తుంటే కడుపు నిండినట్టుంది. ఒక్కొక్కరి తెలుగు ఒక్కో రకం. మాది కంచి తెలుగు, నడుమ నడుమ అరవం దొర్లుతుంది, సర్దుకోండి.

మమ్మల్ని మాట్లాడమన్నప్పుడు రిబేటు బాకీల గురించో, జరీ ధర గురించో మాట్లాడుతామని అనుకొని ఉంటారు. అవి ప్రతి సంవత్సరం మాట్లాడుతూనే ఉన్నాము. ఈసారి యూనివర్సిటీలో చెప్పే ఒక పాఠం గురించి చెప్పాలని వచ్చినాము. మేము చదివింది ఎనిమిదో తరగతి. పాఠం మాకు చెప్పింది మా తమ్ముని కూతురు. చెన్నైలో ఎం.బి.ఏ. చదివింది. ఆ చదువులో సర్వీసెస్ మార్కెటింగ్ అని ఒక సబ్జెక్టు ఉందట. చివరి సంవత్సరం ప్రాజెక్టు రాయాలి. స్నేహితురాళ్ళందరూ బ్యాంకులు, ఆసుపత్రులు, హోటళ్ళు ఎంచుకుంటే ఈ పిల్ల మా సంఘం షోరూం ఎంచుకున్నది. "పెదనాయనా, మీ దగ్గరికి వచ్చే కొనుగోలుదారులు తృప్తిగా పోతున్నారా లేదా అని కనుక్కుంటాను" అన్నది.

మాకు కోపం వచ్చింది. సర్వీసు అంటే బస్సు, మంగలి షాపు, ఇన్సూరెన్సు. మేము అమ్మేది చీర. చేత్తో పట్టుకుంటే బరువు తెలుస్తుంది. ఇందులో సర్వీసు ఎక్కడిది అన్నాము. ఆ పిల్ల వాదన పెట్టుకోలేదు. పుస్తకంలో సర్వీసుకు నాలుగు గుణాలు చెప్తారు అన్నది. చేత్తో ముట్టుకోలేము. ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు ఇద్దరూ ఉన్నప్పుడే అది జరుగుతుంది. నిన్న ఉన్నట్టు ఇవాళ ఉండదు, ఈ మనిషి చేసినట్టు ఆ మనిషి చెయ్యడు. దాచిపెట్టుకోలేము. "ఇవాళ అమ్ముడుపోని చీర బీరువాలో ఉంటుంది, రేపు అమ్ముకుంటారు. ఇవాళ కౌంటర్లో మీ మనిషి విసుక్కున్న గంట ఏ బీరువాలో ఉంది?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

జవాబు లేకపోవడానికి ఒక కారణం ఉంది. అంతకు ముందు వైశాఖంలో నెల్లూరు వైపు నుండి ఒక పెళ్ళివారు వ్యాన్ వేసుకొని వచ్చినారు. పదకొండు మంది. ముహూర్తం చీర, పెట్టుబడి చీరలు అన్నీ ఒకే చోట తీసుకుందామని వచ్చిన మనుషులు. వాళ్ళు గడప ఎక్కేసరికి ఒకటిన్నర. మా మనిషి షట్టరు సగం దించి "భోజనం టైము, రెండున్నరకు రండి" అన్నాడు. ఎండలో ముసలావిడను కూర్చోబెట్టుకోవడానికి చోటు లేదు. వ్యాన్ డ్రైవరు కమిషను ఇచ్చే ప్రైవేటు షాపుకు తీసుకుపోయినాడు. మళ్ళీ రాలేదు. మేము ఆ రోజు ఆ డ్రైవరును తిట్టినాము, ప్రైవేటు షాపును తిట్టినాము. షట్టరు సంగతి ఎవరమూ మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే ఆ వేళ లోపల అన్నం తింటున్న వాళ్ళలో మేమూ ఉన్నాము.

సరే, పిల్లను రానిచ్చినాము. తను తెచ్చిన ప్రశ్నపత్రానికి ఒక చరిత్ర ఉంది. పరశురామన్ అని ఒకాయన, మన మద్రాసు ఐ.ఐ.టి.లో ఇంజనీరింగు, తర్వాత అహమ్మదాబాదులో మేనేజ్‌మెంటు చదివి అమెరికా పోయి ప్రొఫెసరు అయినాడు. ఆయనా, జైతమల్, బెర్రీ అని ఇంకొక ఇద్దరూ కలిసి 1985లో ఒక వ్యాసం రాసినారు. మనిషి ఆశించినదానికీ, అందుకున్నదానికీ నడుమ ఎంత ఎడం ఉందో అదే సేవ నాణ్యత అన్నారు. 1988లో ఆ ఎడం కొలవడానికి ఇరవై రెండు ప్రశ్నలు తయారు చేసినారు. ఒక్కో ప్రశ్న రెండుసార్లు అడగాలి. మంచి షాపు అంటే ఎట్లా ఉండాలి అని ఒకసారి, ఈ షాపు ఎట్లా ఉంది అని ఒకసారి. ఒకటి నుండి ఏడు దాకా మార్కులు. పడుగు పొడవు కొలిచినట్టు దీన్నీ కొలవవచ్చునని మాకు అంతవరకు తెలియదు.

ఆ ఇరవై రెండూ అయిదు సంగతుల కింద వస్తాయి. ఇచ్చిన మాట నిలుపుకోవడం. అడిగిన వెంటనే కదలడం. తెలిసి మాట్లాడి నమ్మకం కలిగించడం. ఎదుటివాని కష్టం తన కష్టంగా చూడడం. ఇక కంటికి కనిపించేవి, అంటే దీపాలు, కుర్చీలు, మంచినీళ్ళు, మనిషి వేషం. అమెరికాలో వాళ్ళు అడిగితే మొదటిదే, మాట నిలుపుకోవడమే, అన్నిటికంటే ముఖ్యమని తేలిందట. ఇందుకు అమెరికా పోవాలా అనిపించింది. అయితే మా షోరూంకు రంగు వేయించడానికి మేము పెట్టిన ఖర్చు, చెప్పిన తేదీకి చీర అందించడానికి పడిన శ్రమ పక్కపక్కన పెట్టి చూస్తే మాకూ ఆ సంగతి తెలిసినట్టు లేదు.

అడగడం కూడా ఒక పనితనమే. అది మేము ఊహించలేదు. మొదటి రోజు ఫారం మేమే చేత పట్టుకొని ఒక అయ్యగారి ముందు నిలబడి "మా సంఘం సేవ బాగుంది కదండీ?" అని అడిగినాము. ఆయన "చాలా బాగుంది" అన్నాడు. పిల్ల ఆ కాగితం చించేసింది. జవాబు ప్రశ్నలోనే పెట్టి అడగకూడదట. ఓనరు ముఖం పెట్టుకొని ఎదురుగా నిలబడకూడదట. మనవాళ్ళు ముఖం మీద చెడు చెప్పరు, మర్యాదకు బాగుందంటారు, ఆ మర్యాద లెక్కకు పనికిరాదు అన్నది. ఇంకొక మాట. కొన్నవాళ్ళను మాత్రం అడిగితే చాలదు, చూసి కొనకుండా పోయిన వాళ్ళను అడగాలి. అందుకని బస్టాండు దగ్గర, కామాక్షి అమ్మవారి గుడి వీధిలో నిలబడి అడిగింది. తెలుగులో, అరవంలో రెండింటిలోనూ ఫారాలు వేసుకున్నది. చదవలేని వాళ్ళకు తనే చదివి వినిపించింది.

వచ్చిన జవాబులు మేము అనుకున్నట్టు లేవు. మాకు ఎప్పుడూ ఒకటే నమ్మకం, వచ్చేవాళ్ళకు ధర తగ్గాలి, రిబేటు పెరగాలి. ధర గురించి అడిగినవాళ్ళు ఉన్నారు. అంతకంటే ఎక్కువమంది వేరే అడిగినారు. అంచు రంగు దిగుతుందా? జరీ చెప్పినదేనా? ఫలానా తేదీకి ఇస్తామని తర్వాత పదిరోజులు ఎందుకు తిప్పినారు? ఇంటికి పోయినాక ఫోన్ చేస్తే ఎవరూ ఎందుకు ఎత్తరు? ఆ ముగ్గురు ప్రొఫెసర్లు రాసిన ఎడాలలో మొదటిది ఇదేనట, కొనేవాడికి ఏం కావాలో నడిపేవాడు ఒకటి అనుకోవడం, వాడికి కావలసింది ఇంకొకటి కావడం. నలభై ఏళ్ళు ఆ కౌంటరు చూసినాము, ఇది చూడలేదు.

తేదీ సంగతి కొంచెం చెప్పాలి. కోర్వై చీర అంటే మీకు తెలుసు. ఒడలు ఒక రంగు, అంచు ఒక రంగు, మూడు నాడెలు ఆడాలి, పక్కన ఇంకొక చెయ్యి కావాలి. కొంగు పెట్నీ వెయ్యాలంటే పడుగు పోగు పోగు కలపాలి. పదిహేను ఇరవై రోజులు పడుతుంది, ఇంట్లో జ్వరం వస్తే ఇంకా పడుతుంది. కౌంటర్లో మనిషికి ఇవి తెలియవు. బేరం పోతుందని "పదిరోజుల్లో ఇస్తాము" అంటాడు. ఆ మాట నేసేవాడి నెత్తిన పడుతుంది. ఇప్పుడు మా దగ్గర మగ్గానికి ఫోన్ చేసి అడగకుండా బిల్లు మీద తేదీ రాయకూడదు. దీనివల్ల రెండు మూడు ఆర్డర్లు పోయినాయి కూడా. పోనీ అనుకున్నాము.

ఇక్కడితో అయిపోతే మేము ఈ సభలో నిలబడేవాళ్ళం కాదు. ఆ పిల్ల ఒక సాయంత్రం వచ్చి, "పెదనాయనా, బెర్రీగారు ఇంకొక మాట చెప్పినారు. పనిచేసేవాళ్ళు కూడా సంస్థకు కొనుగోలుదారుల లాంటివాళ్ళే, వాళ్ళకు తృప్తి లేకపోతే బయటివాడికి తృప్తి రాదు అని. మీ సభ్యులను కూడా అడుగుతాను" అన్నది. 1981లోనే రాసినాడట ఆయన. సభ్యులు మా ఇంటి మనుషులే కదా, వాళ్ళను అడిగేదేమిటి అనుకొని సరే అన్నాము.

మాట నిలుపుకోవడం కింద మార్కులు పరవాలేదు. ఎదుటివాని కష్టం తెలుసుకోవడం అనే చోట ఆఫీసుకు పడిన మార్కులు చూసి మాకు నోట మాట రాలేదు. ఆఫీసంటే ఎవరు? మేమే. కూలి రోజున తొమ్మిదికి రమ్మని పన్నెండు దాకా వసారాలో నిలబెట్టడం. చీర తూకం వేసేటప్పుడు పట్టు, జరీ ఎంత తగ్గిందో వాళ్ళకు ముల్లు చూపించకుండా మా పుస్తకంలో రాసుకోవడం. పడుగు లేదు, రేపు రా అని చెప్పడం. రేపు అంటే మగ్గం ఒకరోజు ఖాళీ, ఆ ఖాళీకి కూలి లేదు. ఇవన్నీ మాకు తెలుసు. తెలిసీ ఆఫీసు పద్ధతి అనుకున్నాము. ఒక ఫారంలో ఖాళీ చోట ఎవరో రాసినారు, "కొనడానికి వచ్చినవాళ్ళకు కుర్చీ వేస్తారు, మేము చీర తెస్తే నిలబడాలి" అని. ఆ చేతిరాత మా బావమరిదిదేమో అని అద్దాలు పెట్టుకొని చూస్తుంటే పిల్ల కాగితం లాక్కున్నది. పేరు లేకుండా రాయించింది మీరు పేరు వెతకడానికి కాదు అని గట్టిగానే అనింది. ఇంట్లో చిన్నపిల్ల చేత మాట పడడం మాకు అలవాటు లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా నాయన నేసే రోజుల్లో షావుకారు అరుగు మీద ఎట్లా నిలబెట్టేవాడో ఆయన చెప్పగా విన్నాము. ఆ నిలబడడం పోవాలనే సంఘాలు పెట్టుకున్నారు మన పెద్దలు. ఆ అరుగు ఇప్పుడు మా వసారా అయింది.

ఆ రిపోర్టును జనరల్ బాడీలో చదివించినాము. చదవవద్దని కమిటీలో ఇద్దరు పట్టుపట్టినారు, సంఘం పరువు అన్నారు. చదివించినాము. తర్వాత చేసినవి పెద్ద పనులేమీ కావు. భోజనం వంతులవారీగా. తూకం ముల్లు నేసినవాడి వైపు తిప్పిపెట్టినాము. కూలికి పేటలవారీగా వేళలు ఇచ్చినాము. వసారాలో రెండు బల్లలు. ఫిర్యాదుల పుస్తకం ఒకటి.

ఆ పుస్తకంలో మొదటి ఫిర్యాదే గట్టిది. మీగడ రంగు ఒడలు, అరక్కు అంచు, ఒకసారి తడిపితే రంగు పాకింది. అమ్మిన చీర తీసుకోము అని మా గోడ మీద బోర్డు ఉంది. బోర్డు తీయకుండానే చీర తీసుకొని వేరే చీర ఇచ్చినాము, అద్దకం పనివాడితో కూర్చొని తప్పు ఎక్కడ జరిగిందో చూసినాము. చెడిన పనిని ఇట్లా బాగుచెయ్యడానికి కూడా పుస్తకంలో ఒక అధ్యాయం ఉందట. బాగా సరిదిద్దితే ఆ మనిషి, అసలు తప్పు జరగని మనిషికంటే ఎక్కువ నమ్మకస్తుడవుతాడని కొందరు రాస్తే, అట్లా ప్రతిసారీ జరగదని ఇంకొందరు రాసినారట. మాకైతే రెండోవాళ్ళే సరి అనిపిస్తుంది. ఆ చీరావిడ మంచిగానే పోయింది, మళ్ళీ వచ్చిందో లేదో ఇంకా చూడాలి.

పుస్తకంతో మాకు ఒక్క తగవు ఉంది. కొనేవాడి తృప్తి అని రాసినంత, ఆ తృప్తికి ఖర్చు ఎవరు పెడుతున్నారో రాసినట్టు మాకు కనపడలేదు. ధర తగ్గిస్తే కొనేవాడికి తృప్తే. ఆ తగ్గింపు కూలిలో నుండి పోతే? మరమగ్గం చీర మీద చేనేత అని చెప్పి అమ్మితే, తెలియనంత కాలం వాడికీ తృప్తే. 2004లో సిల్క్ మార్క్, 2006లో హ్యాండ్లూమ్ మార్క్ వచ్చినాయి. చీటీ కట్టి బీరువాలో పెడితే చాలదు, అదేమిటో కౌంటర్లో మనిషి విప్పి చెప్పాలి. ఇప్పుడు వారానికి ఒకరోజు నేసేవాళ్ళలో ఒకరిని కౌంటర్లో కూర్చోబెడుతున్నాము, ఆ రోజు కూలి సంఘమే ఇస్తుంది. వాళ్ళు అంచు తిరగేసి పోగు చూపిస్తుంటే వచ్చినవాళ్ళు బేరం మరిచిపోయి వింటారు. కొందరు విని కూడా బేరం చేస్తారనుకోండి.

మన ఇళ్ళలో ఎం.బి.ఏ. చదివే పిల్లలు చాలామంది ఉన్నారు. ప్రాజెక్టుకు మాల్‌కు పోతున్నారు, సెల్‌ఫోన్ కంపెనీకి పోతున్నారు. మన సంఘం గడప ఎక్కనివ్వండి. సెక్రటరీలు కూడా తలుపు తియ్యండి, లెక్కలు అడుగుతారని భయపడకండి.

మా పిల్ల ఇప్పుడు చెన్నైలో ఒక ఇన్సూరెన్సు కంపెనీలో ఉద్యోగం చేస్తున్నది. మా తమ్ముని మగ్గం మీద దుమ్ము పడుతున్నది, ఆ ఇంట్లో నేసేవాళ్ళు లేరు. దాని గురించి మేము ఆ పిల్లను ఏమీ అడగలేదు, అడిగే ముఖమూ లేదు. దీపావళి బేరాలు అయినాక మళ్ళీ అవే ఇరవై రెండు ప్రశ్నలు వేస్తానని ఫోన్‌లో చెప్పింది. సభ్యులకు కూడా. ఆ రోజు మేము ఆఫీసులో ఉండకూడదట, ఊరికి పొమ్మన్నది. తిరుత్తణి పోయి వస్తామని చెప్పినాము.