గ్రంథాలయమునకు తగిన కంప్యూటరు: మ్యాకా? లినక్సా?

(రజతోత్సవ సభయందు చదివిన ప్రసంగ పాఠము)



పాతికేండ్లు నిండిన గ్రంథాలయమునకు ఉత్సవము చేయుట సులభము. అది మరి పాతికేండ్లు నిలుచునట్లు చేయుట కష్టము. గ్రంథాలయమనగా నేడు బీరువాలు, బల్లలు మాత్రమే కావు. పుస్తకముల పట్టిక, చందాదారుల జాబితా, ఇచ్చిపుచ్చుకొన్న పుస్తకముల పద్దు, పాత తాళపత్రముల ఛాయాచిత్రములు, వృద్ధుల నోట విని పట్టియుంచిన పాటలు అన్నియు కంప్యూటరులోనికి చేరుచున్నవి. కావున ఏ కంప్యూటరు ఉంచవలెను, దానిని నడుపు వ్యవస్థ ఏది కావలెను అను ప్రశ్న వేడుక ప్రశ్న కాదు. గ్రంథాలయపు ఆస్తికి తాళపుచెవి ఎవరి మొలలో ఉండవలెను అనునదే అసలు ప్రశ్న.

విశాఖపట్టణమునందు ఓడరేవులోను, ఉక్కు కర్మాగారములోను, ఋషికొండమీది కంప్యూటరు కార్యాలయములలోను ఉద్యోగములు చేయు యువకులు సంక్రాంతికి ఊరు వచ్చినప్పుడు అరుగులమీద ఈ చర్చ జరుగుచుండును. ఒకరు మ్యాకు మేలందురు. మరియొకరు లినక్సు మేలందురు. ఇరువురును నిజమే పలుకుదురు. ఎవరికి మేలు, ఏ పనికి మేలు అను మాట మాత్రము మరచుచుందురు.

ముందుగా ఆపరేటింగ్ సిస్టమన నేమో తెలియవలెను. కంప్యూటరు యంత్రము గ్రంథాలయ భవనము వంటిది. అందలి ప్రోగ్రాములు పుస్తకముల వంటివి. ఆపరేటింగ్ సిస్టము గ్రంథపాలకుడు. ఏది ఎక్కడ ఉన్నదో ఎరిగి, అడిగినవారికి అందించి, తిరిగి వచ్చినదానిని దాని చోట ఉంచి, తలుపులు తీయువాడును మూయువాడును అతడే. అతడు లేనిచో భవనమున్నను, పుస్తకములున్నను ప్రయోజనము సున్న.

మ్యాకు, లినక్సు పరస్పరము పరాయివి కావు; ఒకే విద్యావంశమునకు చెందినవి. 1969వ సంవత్సరమున అమెరికాలోని బెల్ లాబొరేటరీలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ అను పండితులు యూనిక్సు అను వ్యవస్థకు పునాది వేసిరి. యాపిల్ సంస్థ 1984లో మకింటోష్ యంత్రమును విడుదల చేసెను. ఆ సంస్థయే 2001లో పాత వ్యవస్థను విడిచి, యూనిక్సు సంతతినుండి వచ్చిన పునాదిపై క్రొత్త మ్యాకు వ్యవస్థను నిర్మించెను. లినక్సు కథ వేరు. 1991లో ఫిన్లాండు దేశపు హెల్సింకిలో లైనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి, యూనిక్సు పద్ధతిని చూచి నేర్చి, దాని వ్రాతను నకలు చేయక, స్వయముగా ఒక మూలభాగమును వ్రాసెను. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ఉద్యమపు పనిముట్లు దానికి తోడైనవి. మ్యాకు యూనిక్సునకు వారసుడు. లినక్సు ఏకలవ్య శిష్యుడు. అయితే ఈ ఏకలవ్యునకు బొటనవ్రేలు ఈయవలసిన అవసరము కలుగలేదు.

లినక్సు పేరు వినని గృహస్థుడును దానిని ప్రతిదినము వాడుచునే యున్నాడు. ఆండ్రాయిడ్ ఫోనుల లోపలి మూలభాగము లినక్సే. ప్రపంచమునందలి అతి శక్తిమంతములైన 500 కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నాటికి ప్రతి ఒక్కటియు లినక్సుపై నడచుచుండెను.

వంశమొక్కటియైనను ధర్మములు వేరు. మ్యాకు వ్యవస్థ యాపిల్ సంస్థవారి యంత్రములకే ఉద్దేశింపబడినది. దానిలో కొంత భాగపు వ్రాతను వారు ప్రకటింతురు గాని, ముఖ్యభాగములు వారి అధీనమున ఉండును. లినక్సు మూలభాగము వెలువడు అనుమతి పత్రము ప్రకారము ఎవరైనను దానిని వాడవచ్చును, చదువవచ్చును, దిద్దవచ్చును, ప్రతులు పంచవచ్చును. దిద్దిన ప్రతిని పంచువాడు తాను పొందిన హక్కునే పుచ్చుకొన్నవానికిని ఈయవలెను. ఇదియే ముఖ్య నియమము.

ఈ నియమము తెలుగువారికి క్రొత్త కాదు. ఆంధ్ర మహాభారతమును 11వ శతాబ్దమున నన్నయభట్టారకుడు ఆరంభించి అరణ్యపర్వము నడుమ నిలిపెను. 13వ శతాబ్దమున తిక్కన సోమయాజి విరాటపర్వము మొదలు కడవరకు రచించెను. 14వ శతాబ్దమున ఎఱ్ఱన అరణ్యపర్వ శేషమును పూరించెను. నన్నయ వ్రాతకు తాళము వేయబడి యున్నచో తిక్కనకు దారి ఏది? ఎఱ్ఱనకు చోటు ఏది? ముగ్గురు మూడు శతాబ్దములలో ఒక్క గ్రంథమును నిర్మింపగలిగిరన్న, మొదటివాని వ్రాత తరువాతివానికి చదువుటకు, కొనసాగించుటకు దొరకుటచేతనే కదా!

అంతమాత్రమున మ్యాకును నిందించుట న్యాయము కాదు. యంత్రమును వ్యవస్థను ఒక్కరే చేయుటవలన రెండింటికి పొత్తు చక్కగా కుదురును. మూతవేసి తెరచినంతనే మేల్కొనును; బ్యాటరీ చాలసేపు నిలుచును; తెలుగు అక్షరములు, తెలుగు కీబోర్డు దానిలోనే ఉండును. అచ్చుపనికి, చిత్రకళకు, చలనచిత్రముల కూర్పుకు వృత్తివారు వాడు ఫోటోషాప్, ఇన్‌డిజైన్ వంటివి మ్యాకుపై నడచును గాని లినక్సుపై వాని తయారీదారులు వానిని విడుదల చేయలేదు. శుభలేఖలు, పుస్తకములు కూర్చి జీవనము సాగించువాడు మ్యాకు కొన్నచో అది దుబారా కాదు; వడ్రంగి మంచి బాడిస కొన్నట్లే. లెక్కలకు టాలీ తప్పనివానికి ఈ రెండింటిలో ఏదియు సూటిగా పనికిరాదు. అది విండోసుకై చేయబడినది.

ఇక పద్దు చూడవలెను. 2024లో మ్యాక్ మినీ అను చిన్న యంత్రము భారతదేశమున 59,900 రూపాయలకు, 2025లో మ్యాక్‌బుక్ ఎయిర్ 99,900 రూపాయలకు ఆరంభ ధరతో విడుదలైనవి. ఎయిర్ యంత్రమునకు జ్ఞాపకశక్తిని తరువాత పెంచుటకు వీలులేదు. ఇంటెల్ ప్రాసెసరుగల పాత మ్యాకులకు 2025లో వెలువడిన టహో అను వ్యవస్థయే చివరిదని సంస్థవారు ప్రకటించిరి. మరియొక ప్రక్క, 2025 అక్టోబరు 14న విండోస్ 10కు సాధారణ పోషణ ముగిసెను. విండోస్ 11 నియమములకు సరిపోని యంత్రములు, లోపము లేకున్నను, మూలపడుచున్నవి. అట్టివానిలో పెక్కింటికి లినక్సు పునర్జన్మ నీయగలదు. వ్యవస్థకు వెల లేదు. అయినను లినక్సునకును హద్దు కలదు. 2025లో వెలువడిన డెబియన్ 13 అను ప్రసిద్ధ లినక్సు రకము, 32 బిట్ల పాత యంత్రములలో క్రొత్తగా స్థాపించు సౌకర్యమును మానివేసెను.

కొనుగోలు ఖర్చు పద్దులో మొదటి వరుస మాత్రమే. తప్పు వచ్చినపుడు దిద్దువారెవరు అనునది రెండవ వరుస. దానికి రెండు ఉదాహరణములు చాలును.

2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతట ఒక తెలుగు అక్షరము వార్తలకెక్కెను. అది 'జ్ఞా'. జ్ఞానమునకు మొదటి అక్షరము! జకారము, దాని క్రింద ఞకారము, పైన దీర్ఘము. వీని నడుమ కంటికి కనబడని సంధినిరోధక చిహ్నమొకటి చేరినపుడు, యాపిల్ ఫోనులలోను మ్యాకులలోను ఆ అక్షరమును తెరపై చూపబోయిన ప్రోగ్రాము కూలిపోవుచుండెను. ఆ సంస్థ ఫిబ్రవరి 19న దిద్దుబాటు విడుదల చేసెను. ఆలస్యము చేసిరని అనుటకు లేదు. కాని ఆ దినములలో తెలుగు పండితుడైనను, తెలుగు ఇంజనీరైనను తన అక్షరమును తాను బాగుచేసికొనుటకు దారి లేదు. అక్షరములను కూర్చు ఆ భాగపు వ్రాత మూసియుండుటచే సంస్థవారి కొరకు ఎదురుచూచుటే శరణ్యము. లినక్సులో ఆ పనిని చేయు హార్ఫ్‌బజ్ అను భాగపు వ్రాత అందరికిని తెరచియుండును.

తెరచియున్నంతనే దోషము లేదనుకొనరాదు. 2024 మార్చిలో లినక్సు రకములు వాడు ఎక్స్‌జెడ్ అను చిన్న పనిముట్టులో, రెండేండ్లకు పైగా సాయము చేసి నమ్మకము సంపాదించిన వ్యక్తియే రహస్యముగా దొంగద్వారము పెట్టిన సంగతి బయటపడెను. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు, ప్రవేశమునకు అరక్షణము అధికముగా పట్టుచున్నదని గమనించి, లోతునకు పోయి, 29వ తేదీన లోకమునకు తెలిపెను. తలుపు తెరచియున్న ఇంట దొంగయు దూరవచ్చును. పొరుగువాడును వానిని పట్టవచ్చును. చూచు హక్కు ఉన్నంతమాత్రమున చాలదు, చూచువాడు ఉండవలెను.

ఇదియే గ్రామమునకు ముఖ్యము. ఉత్సాహవంతుడైన యువకుడొకడు గ్రంథాలయపు కంప్యూటరులో లినక్సు స్థాపించి, ఆరు నెలలకు ఉద్యోగమునకై బెంగుళూరు వెళ్లినచో ఆ యంత్రము అనాథ యగును. పద్దు వ్రాయుట ఒక్కనికే తెలిసిన ఊరిలో ఆ ఒక్కడు మంచమెక్కిన నాడు లెక్కలు నిలిచిపోవును గదా! కనీసము ఇద్దరు నేర్చినగాని లినక్సు పెట్టరాదు. ఆ ఇద్దరిలో ఒకరు ఊరిలోనే ఉండు ఆడపడుచు లేక గృహిణి యైనచో మరింత మేలు.

మూడవ వరుస అన్నిటికన్న బరువైనది: వ్రాసినది రేపు చదువబడునా? 1990ల నుండి చాలకాలము తెలుగు అచ్చుపనికి వాడిన అనేక ఫాంటులలో అక్షరములకు ఎవరి సంకేతములు వారివి. ఆ ఫాంటు లేని యంత్రములో ఆ ఫైలు తెరచినచో తెలుగునకు బదులు అర్థములేని ఆంగ్ల చిహ్నములు కనబడును. ఎన్ని సంచికలు, ఎన్ని స్థలచరిత్రలు ఆ విధముగా మూగవోయినవో! తాళపత్రమునకు చెదలు ఎట్టివో కంప్యూటరు వ్రాతకు సొంత సంకేతములు అట్టివి. యూనికోడు అను సర్వదేశ సంకేతములో తెలుగునకు 1991 నుండియు స్థానము కలదు. దానితో వ్రాసినది మ్యాకులోను, లినక్సులోను, ఫోనులోను ఒక్కతీరున చదువవచ్చును. పెద్దన, తిమ్మన, ధూర్జటి, గిడుగు, గురజాడ పేర్లతో సిలికానాంధ్ర సంస్థ వెలువరించిన ఫాంటులను అందరును ఉచితముగా వాడుకొనవచ్చును.

విశాఖ ఓడరేవున పెద్ద పెట్టెలు దిగుట చాలమంది చూచియుందురు. ఆ కంటెయినర్ల కొలతలు లోకమంతటికిని నిర్ణీతములు. కావుననే ఏ దేశపు ఓడనుండి దిగినను, ఏ రైలుబండి పైనైనను, ఏ లారీపైనైనను కూర్చుండును. ఓడ మారినను పెట్టె మారదు. ఓడ ఎంపికకన్న పెట్టె కొలత ముఖ్యము. అట్లే మ్యాకైనను లినక్సైనను, వ్రాతలను అందరికి తెలిసిన రూపములలోనే ఉంచవలెను. నేడు ఒక యంత్రమును ఎన్నుకొని రేపు మార్చుకొనినను గ్రంథాలయము నష్టపోదు.

గ్రంథాలయములకు తగిన మరియొక దృష్టాంతము కలదు. 1999లో న్యూజిలాండులోని హోరోవెనువా అను ప్రాంతపు గ్రంథాలయమువారు తమ పాత పట్టిక ప్రోగ్రాము 2000 సంవత్సరపు తేదీలను తట్టుకొనలేదని తెలిసి, క్రొత్తదానిని వ్రాయించి, లోకమునకు ఉచితముగా ఇచ్చివేసిరి. దాని పేరు కోహా. మావోరీ భాషలో ఆ మాటకు కానుక అని అర్థము. లినక్సుపై నడచు ఆ ప్రోగ్రామును నేడు అనేక దేశముల గ్రంథాలయములు వాడుచున్నవి. చిన్న ఊరి గ్రంథాలయము పుచ్చుకొనుటయే కాక ఈయను కూడ గలదనుటకు అది సాక్ష్యము.

కావున నిర్ణయమిది. సొంత వృత్తికి, సొంత ధనముతో కొనువాడు తన పనికి మ్యాకు తగినచో సంకోచింపక కొనవలెను. పదిమంది చందాతో నడచు గ్రంథాలయమునకు, నేర్చినవారు ఇద్దరున్నచో, లినక్సు తగినది. పెట్టుటకు ముందు దానిని పెన్‌డ్రైవునుండి, యంత్రములోని పాతదానిని చెరుపకుండ, నడిపి చూడవచ్చును. ప్రింటరు, స్కానరు, తెలుగు టైపు పనిచేయుచున్నవని రూఢి చేసికొనిన పిమ్మటనే స్థాపింపవలెను. నేర్చినవారు లేనిచో ముందు నేర్పించి, పిదప పెట్టవలెను.

ఏది పెట్టినను ప్రతులు తప్పవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమున తీరము దాటిన నాటి సంగతి ఈ ప్రాంతమువారికి చెప్పనక్కరలేదు. విద్యుత్తు, ఫోనులు స్తంభించి ఊళ్లు చీకటిలో గడిపినవి. అట్టి గాలివాన మరల వచ్చినచో ఒక్క యంత్రములోని వ్రాత ఒక్క రాత్రిలో పోవును. గ్రంథాలయములో ఒకటి, పొరుగూరిలో ఒకటి, దూరపు పట్టణములో ఒకటిగా ప్రతులుంచవలెను. పూర్వులు తాళపత్రములను కాపాడినది ఇనుపపెట్టెలతో కాదు. మరల మరల నకళ్లు వ్రాయుటచేతనే.

గ్రంథాలయపు తలుపునకు తాళమున్నను తాళపుచెవి గ్రామస్థులదే. దాని కంప్యూటరు విషయమునను అదే ధర్మము నిలుచుగాక! స్వర్ణోత్సవమునాడు నేటి పిల్లలు ఈ పద్దులను తెరచి, ప్రతి అక్షరమును తడబడక చదువుదురు గాక! 'జ్ఞా' అను అక్షరము మొదలుకొని.