ప్రాత మోటారుసైకిలు: నిదానము, విడిభాగములు, చికిత్స



మోటారుసైకిలు మరమ్మతును గూర్చి ఒక తెలుఁగు పండితుఁడు ప్రసంగించుట మీలోఁ గొందఱకు వింతగాఁ దోఁపవచ్చును. కాని వ్యాకరణము చెప్పుకొని బ్రదికినవాఁడును ప్రతిదినము బడికిఁ బోయి రావలసినవాఁడే కదా! పద్మనాభము చుట్టుప్రక్కల పల్లెలలో ముప్పది యేండ్లకు మించి ఉపాధ్యాయత్వము నెఱపిన నన్ను గోస్తనీ తీరపు బాటల మీఁద ఎండ యనక వాన యనక మోసినది 1974వ సంవత్సరమునఁ దయారైన యొక బుల్లెట్టు బండి. దానిని 1988లో ప్రాతదిగానే కొంటిని. అది నేఁటికిని నడచుచున్నది. ఈ కాలములో దానివలన నేను నేర్చికొన్న కొలఁది విషయములను మీకు విన్నవించుటయే ఈ ప్రసంగమునకుఁ బ్రయోజనము.

మన పల్లెలలో ఇట్టి బండ్లు ఇంకను గలవు. ఒక యింటఁ దండ్రి కొన్నది, మఱియొక యింట మేనమామ యిచ్చినది పశువుల సాలలో గోనెపట్టా క్రింద నుండును. కుఱ్ఱవాండ్రు వానిని ప్రాత యినుము కొనువానికిఁ దూకమున కమ్ముచున్నారు. నేను చూచినంతలో, ఆ విధముగా నమ్ముడుపోయిన బండ్లలోఁ బెక్కింటికి ప్రాణము పోలేదు. ఒక చిన్న భాగము దొరకకపోవుటయో, దొరకిన భాగము సరిపడకపోవుటయో, అన్నిటికంటె ముఖ్యముగా జబ్బు ఇదియని యెవరును నిశ్చయింపకపోవుటయో కారణము. నేను చెప్పఁబోవు సారమంతయు ఒక్క మాటలో నున్నది: కారణము తెలియక భాగము కొనరాదు, భాగము నెఱుఁగక అంగడికిఁ బోరాదు.

ముందు ఈ బండి పుట్టుపూర్వోత్తరములు కొంత తెలిసికొందము. బుల్లెట్టు అను పేరు ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డు కంపెనీవారు 1932లోఁ బెట్టినది. మన సైన్యమున కీ బండ్లు కావలసివచ్చుటచేత 1955లో మద్రాసునందు ఎన్‌ఫీల్డు ఇండియా కంపెనీ ఏర్పడెను. మొదట ఇంగ్లండునుండి భాగములు తెప్పించి కూర్చుచుండిరి. 1962 నాఁటికి అన్ని భాగములును ఇక్కడనే చేయసాగిరి. 1970 ప్రాంతమున ఇంగ్లండులోని మాతృసంస్థ మూతవడినను, మద్రాసులోని సంతానము నిలిచెను. పోఁత యినుప సిలిండరు గల ఆ 350 ఇంజను 2010 ప్రాంతము వఱకును తయారగుచు వచ్చెను. దాని బోరు 70 మిల్లీమీటర్లు, పిస్టను పైకి క్రిందికి నడచు దూరము 90 మిల్లీమీటర్లు. ఇంతకాలము ఒకే మూలరూపము నిలిచియుండుటచేతనే దాని భాగము లింకను దొరకుచున్నవి. ఇతరుల కీ భాగ్యము లేదు. మైసూరులో ఎజ్డీ బండ్లు చేసిన ఐడియల్ జావా కర్మాగారము 1996లో మూతవడెను. ఆ పేరుతో 2022లో క్రొత్త బండ్లు వచ్చినవి గాని, వాని యింజను వేఱు. దాని భాగములు ప్రాతవాని కెక్కవు.

ఇఁక నిదానము. మన వైద్యులు చికిత్సకంటె ముందు నిదానమునుఁ జెప్పిరి. రోగమును గుర్తించు విధమును దెలుపుటకే మాధవకరుఁడు ఒక గ్రంథము వ్రాసెను. యంత్రమునకును అదియే మార్గము. పెట్రోలు ఇంజను నడచుటకు మూఁడు కావలయును: తగు పాళ్లలోఁ గలిసిన పెట్రోలును గాలియు, సమయమునకుఁ బుట్టు నిప్పురవ్వ, సిలిండరులోఁ జాలినంత అదుము. బండి కదలనప్పు డీ మూఁడింటిలో ఏది లేదో కనుఁగొనవలయును.

కిక్కు త్రొక్కునపుడు కాలికి గట్టిగా ఎదురు తగిలినచో అదుము ఉన్నట్లే. కార్బురేటరునకు వచ్చు గొట్టము నూడఁదీసి చూచినచోఁ బెట్రోలు సంగతి తెలియును. బండి అరమైలు నడచి ఆగి, కొంతసేపటికి మరల నడచుచున్నచో, ట్యాంకు మూఁతకుఁ గల గాలి రంధ్రము పూడినదేమో చూడుఁడు. మూఁత కొంచెము తెఱచినంతనే పెట్రోలు దిగినచో జబ్బు అదియే. దానికి మందు ఒక సూది! రవ్వను జూచుటకుఁ బ్లగ్గును ఊడఁదీసి, తొడుగుతో సహా ఇంజను లోహమునకు ఆనించి కిక్కు త్రొక్కవలయును. దగ్గఱఁ బెట్రోలు లేకుండఁ జూచికొనవలయును. నీలిరంగున గట్టిగాఁ దెగిపడు రవ్వ మంచిది. పసుపువన్నె గల సన్నని రవ్వ దుర్బలము. ప్లగ్గు మొన ఇటుక రంగున నున్నచో ఆరోగ్యము, మసిపట్టినచోఁ బెట్రోలు ఎక్కువ, తెల్లఁబాఱినచోఁ దక్కువ.

రవ్వ దుర్బలమైనపుడు ముందుగాఁ జూడవలసినవి పాయింట్లు. ఇవి పూర్తిగాఁ దెఱచికొన్నపుడు నడుమ సందు 0.35 నుండి 0.40 మిల్లీమీటర్లు ఉండవలయును. దీనిని కొలుచు రేకుల పొది, అనఁగా ఫిల్లరు గేజి, స్వల్పమైన వెలకు దొరకును. పాయింట్ల నడుమఁ బెద్ద రవ్వలు లేచి, ముఖములు త్వరగా మాఁడిపోవుచున్నచోఁ గండెన్సరును అనుమానింపవలయును. ఇంజను చల్లగా నున్నపుడే టాపెట్లను సరిచేయవలయును. అదుము దశలో పిస్టను మీఁదికి వచ్చి నిలిచినపుడు లోపలి కడ్డీలు వ్రేళ్లతోఁ ద్రిప్పినఁ దిరుగవలయును. పైకి క్రిందికి మాత్రము ఆడరాదు.

తర్కశాస్త్రమున అన్వయ వ్యతిరేకములని రెండు గలవు. ఒకటి యున్నపుడు రెండవది యుండుట అన్వయము, అది లేనపుడు ఇది లేకపోవుట వ్యతిరేకము. మరమ్మతులో దీని యర్థ మేమనఁగా, ఒక్కసారి ఒక్క వస్తువునే మార్చవలయును. బండి బాగుపడినచోఁ బ్రాతదానిని మరల నమర్చి చూడవలయును. జబ్బు తిరిగివచ్చినచోఁ గారణము సిద్ధించినట్లు. మూఁడు భాగము లొక్కసారి మార్చినవానికి బండి నడచినను జ్ఞానము కలుగదు. డబ్బు మాత్రము మూఁడింతలు పోవును.

మా ప్రక్క గ్రామమునఁ బాలు పోయు నొకఁడు ప్లగ్గు, కాయిలు, కార్బురేటరు వరుసగా మార్పించెను. బండి మాత్రము త్రోవలో నాగుచునే యుండెను. "ఇంక దీంతో నా వల్ల కాదు మాస్టారూ, అమ్మేస్తాను" అని నా యొద్ద వాపోయెను. "అమ్ముదువుగాని నాయనా, ముందొకసారి చూతము" అంటిని. బ్యాటరీనుండి చట్రమునకుఁ బోవు భూసంబంధపు తీఁగ కొన సముద్రపుగాలికి తుప్పుపట్టి వదులుగా నుండెను. గరుకు కాగితముతోఁ దుడిచి బిగింపఁగా బండి నడచెను. అతఁడు వ్యర్థముగా వెచ్చించినది నెలనాళ్ల పాల సొమ్ము. మన సముద్రతీర ప్రాంతమున విద్యుత్తు లోపములలోఁ దుప్పును మొదట శంకింపుఁడు.

ఇఁక విడిభాగములు. వ్యాకరణమున ఒక వర్ణమును తొలఁగించి దాని చోటఁ గూర్చుండు వర్ణమునకు ఆదేశమని పేరు; తొలఁగినది స్థాని. విడిభాగమును ఆదేశమే. స్థాని యేదో నిశ్చయింపక ఆదేశము చెప్పరాదు. "బుల్లెట్టు పాయింట్లు ఇమ్ము" అన్నఁ జాలదు. ఒకప్పటివానికి 6 వోల్టుల విద్యుత్తు, తరువాతివానికి 12. ప్రాతవానికి గేరు కుడికాలిక్రింద, ఇటీవలివానికి ఎడమకాలిక్రింద. కొన్నిటికిఁ బాయింట్లే లేవు. ఎలెక్ట్రానిక్ ఇగ్నిషను వచ్చెను. కావునఁ దయారైన సంవత్సరము, ఇంజను నంబరు, భాగముల పుస్తకములోని నంబరు ఒక కాగితమున వ్రాసికొని, అఱిగిన ప్రాత భాగమును చేతి సంచిలోఁ బెట్టుకొనియే అంగడికిఁ బోవలయును. ప్రాతది చేతనుండఁగా మిమ్ము మోసగించుట కష్టము.

కొన్ని భాగములకుఁ గంపెనీ పేరుతోఁ బని లేదు. బేరింగుల మీఁది అంకెలు ప్రపంచమంతట నొక్కటే. 6203 అను అంకె గల బేరింగునకు లోపలి వ్యాసము 17, బయటి వ్యాసము 40, వెడల్పు 12 మిల్లీమీటర్లు; అది యే దేశమునఁ జేసినదైనను సరే. నూనె కారకుండ ఆపు సీళ్లును లోపలి కొలత, బయటి కొలత, మందము అను మూఁడింటిచే దొరకును. ఇట్టివానిని బండి పేరు చెప్పి యడుగుటకంటెఁ గొలత చెప్పి బేరింగుల దుకాణమున నడుగుట మేలు.

నట్ల విషయమునను జాగ్రత్త కావలయును. ప్రాత బుల్లెట్టులోఁ బెక్కు మరలు ఇంగ్లీషు కొలతలవి. మిల్లీమీటరు పానా పెట్టి బలవంతముగాఁ ద్రిప్పినచో మూలలు గుండ్రనగును. మిల్లీమీటరు బోల్టును దూర్చినచో లోపలి మరయే చెడును. పిస్టను మార్చునపుడు క్రమము మఱవరాదు. బోరు అఱిగినపుడు పావు, అర, ముప్పావు మిల్లీమీటరు పెద్దవైన పిస్టన్లు అమ్ముదురు. ముందు పిస్టను కొని, దానిని లేతు పనివాని చేతికిచ్చి, దాని కొలతకు సరిగా బోరు చేయింపవలయును. ముందే బోరు చేయించి పిస్టనుకై వెదకుట, తలుపు చేయించి దానికై యిల్లు కట్టుట వంటిది.

ఎక్కడ వెదకవలయును? మొదట విజయనగరము, విశాఖపట్టణములలోని ప్రాత దుకాణములు. తిప్పి చేయఁదగిన బుష్షులు, ఇరుసులు మొదలగువానికి గాజువాక ఆటోనగరులోని లేతు పనివారు. అక్కడఁ గానిది విజయవాడ ఆటోనగరు, చెన్నపట్టణమునఁ బుదుపేట, ఢిల్లీలోఁ గరోల్‌బాగు. ఇప్పుడు తపాలా మూలమునఁ దెప్పించుకొను వీలును గలదు. ప్రాత బండ్లను విప్పి యమ్ముచోట్ల మాత్రము రసీదు లేనిదే ఏదియుఁ గొనకుఁడు. ముఖ్యముగా నంబరు గల ఇంజను భాగమును గొనకుఁడు. అది దొంగసొత్తు కావచ్చును. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ప్రకారము సొంత బండి రిజిస్ట్రేషను 15 ఏండ్లకు ముగియును. తరువాత అయిదేసి యేండ్లకు మార్పించుకొనవలయును. అప్పుడు కాగితములోని నంబరును బండి మీఁది నంబరును ఒక్కటి కాకున్నఁ జిక్కు తప్పదు.

ఒక్క విషయమునఁ బొదుపు పనికిరాదు, అది బ్రేకు. నా బంధు వొకఁడు సగము ధరకు వచ్చెనని ఒక దుకాణమునఁ బేరులేని బ్రేకు షూలు కొనెను. సింహాచలము కొండ దిగుచుండఁగా ముందు చక్రపు లైనరు షూనుండి యూడిపోయెను. గేరు తగ్గించి, వెనుక బ్రేకుతో నెట్లో నిలిపి బయటపడెను. వెనుక భార్యయుఁ బసిబిడ్డయుఁ గూర్చుండిరి! లైనరు అంచు లెత్తుకొనకుండ, పగుళ్లు లేకుండ, నూనె తగులకుండ చూడుఁడు. క్రొత్తవి వేసిన పిమ్మట జనము లేని సమనేల మీఁద మెల్లగాఁ బరీక్షింపుఁడు. ప్రాత లైనర్ల పొడిలో ఆస్‌బెస్టాసు ఉండును; అది ఊపిరితిత్తులకు విషము. నోటితో ఊదక, తడిగుడ్డతోఁ దుడువుఁడు.

నేఁటి పెట్రోలును గూర్చి ఒక మాట. 2025 నాఁటికి మన దేశమునఁ బెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాలు కలుపుట సాధారణమయ్యెను. ఇథనాలు నీటిని పీల్చును. ప్రాత రబ్బరు గొట్టములను, వాషర్లను ఉబ్బించి చెఱచును. నెలల తరబడి బండి నిలిపి యుంచునపుడు కుళాయి కట్టి, కార్బురేటరులోని పెట్రోలు అయిపోవు వఱకు ఇంజను నడిపింపవలయును. గొట్టములను ఏఁటేఁట పరీక్షింపవలయును.

పెద్దలారా! భాగములకంటె దుర్లభమగుచున్నది పనితనము. చెవితో విని జబ్బు చెప్పఁగల మేస్త్రీలు మన ప్రాంతమున వృద్ధులైరి. ఇంగ్లీషు మరకును మిల్లీమీటరు మరకును వ్రేలితోనే భేదము చెప్పఁగల యట్టివారి యొద్ద నేఁడు శిష్యులు లేరు. కంచరపాలెము ఐ.టి.ఐ.లోఁ జదివిన మన పిల్లలకుఁ గొలతలు తెలియును; ఆ వృద్ధులకు అనుభవము తెలియును. ఈ రెంటిని కలుపు పని మీరు చేయఁగలరు. సెలవు దినములలో ఒక కుఱ్ఱవానిని అట్టి మేస్త్రీ చెంతఁ గూర్చుండఁబెట్టుఁడు. బండికొక పుస్తకము పెట్టి, ఏ దినమున ఏ భాగము, ఏ కొలతది, ఎచటఁ గొని వేసితిమో వ్రాయింపుఁడు. తరువాతి తరమువారికి బండితోపాటు ఆ పుస్తకము కూడ అందినచో, వారు దానిని తూకమున కమ్ముటకు ముందు ఒకసారి యాలోచింతురు.