నోటు పోతే అప్పు పోతుందా?

(మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ అంశం మీద మాట్లాడమన్నప్పుడు, ఎవరైనా న్యాయవాదిని పిలిస్తే బాగుంటుందేమో అన్నాను. నేను సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. అయితే అప్పుల గురించి గ్రామాల్లో స్త్రీలతో మాట్లాడుతున్నప్పుడు ఈ ప్రశ్న ఎన్నిసార్లు ఎదురైందంటే, చట్టం పుస్తకాలు తెరవక తప్పలేదు. 'అప్పిచ్చినాయన కాయిదం పోగొట్టుకున్నడంట. ఇంక మేం కట్టాల్నా మేడమ్?' అని అడుగుతారు. అడిగేటప్పుడు గొంతులో కొంచెం ఆశ వినిపిస్తుంది. నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీతో, అసలుకంటే ఎక్కువే ముట్టజెప్పిన మనిషికి అలాంటి ఆశ కలగడం సహజమే. దాన్ని తప్పుపట్టే నైతిక అధికారం నాకున్నదనుకోను.

అయినా జవాబు ముందే చెబుతాను. నోటు పోయినంత మాత్రాన అప్పు పోదు. డబ్బు పుచ్చుకోవడం వల్ల ఏర్పడిన బాధ్యత అది, నోటు దానికి రుజువు మాత్రమే. అసలు పత్రం పోయినప్పుడు, ఆ పోవడంలో తన నిర్లక్ష్యం లేదని చూపగలిగిన వ్యక్తి, నకలు ద్వారానో సాక్షుల ద్వారానో దానిలోని విషయాన్ని రుజువు చేసుకోవచ్చని 1872 నాటి సాక్ష్య చట్టం 65వ సెక్షను చెప్పింది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 60వ సెక్షనులోనూ ఆ ఏర్పాటు ఉంది. పోయిన ప్రామిసరీ నోటు మీద దావా ఎలా వేయాలో సివిల్ ప్రొసీజర్ కోడ్ 7వ ఆర్డరు 16వ రూలులో ప్రత్యేకంగా ఉంది. నోటు పోయిందని రుజువు చేసి, రేపు ఆ నోటు పట్టుకుని ఇంకెవరైనా వస్తే ఆ బాధ్యత తనదేనని కోర్టుకు హామీ ఇస్తే, నోటు దాఖలు చేసినట్టే భావించి డిక్రీ ఇవ్వవచ్చు. ఆస్తిపరుల వ్యవహారాలను దృష్టిలో పెట్టుకుని రాసిన చట్టాలివి. అప్పిచ్చినవాడు కాగితం పోగొట్టుకుంటే దారి ఏమిటన్నది వలస పాలకుల కాలంలోనే ఆలోచించి పెట్టారు.

అలాగని నోటు పోవడం వల్ల తేడా ఏమీ లేదనుకోకండి. నోటు చేతిలో ఉంటే, దాని మీది సంతకం ఫలానావారిదని తేలితే చాలు, డబ్బు ముట్టిందనే కోర్టు మొదట అనుకుంటుంది. ముట్టలేదని చూపే భారం అప్పుపడ్డ మనిషి మీద పడుతుంది. ఇది నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షను. నోటే లేనప్పుడు, అలాంటి నోటు ఒకటి ఉండేదని, ఇంత మొత్తానికి రాశారని అతనే చూపుకోవాలి. దస్తూరీ రాసినతనూ సాక్షులూ వచ్చి చెప్పాలి. పైగా గడువొకటుంది. అడిగినప్పుడు తీర్చే నోటుకు రాసిన తేదీ నుంచి మూడేళ్లు. అందుకే మూడేళ్లు నిండకముందే మన ఊళ్లలో నోటు తిరగరాయించుకుంటారు.

అంటే నోటు పోయినతనికి కోర్టు దారి ఉన్నా అది కష్టమైన దారి. కొత్త నోటు రాయించుకోవడం అంతకంటే చాలా సులువు. మనం పట్టించుకోవలసింది ఇక్కడే.

వడ్డీ వ్యాపారి నిజంగా నోటు పోగొట్టుకోవడం అరుదు. అతని సంపదంతా ఆ కాగితాల కట్టలోనే ఉంటుంది. 'పోయింది' అన్న మాట నేను ఎక్కువగా విన్నది బాకీ తీర్చే రోజున. ఆమె గేదెను అమ్మో, కూతురి పుస్తెల గొలుసు కుదువపెట్టో డబ్బు తెచ్చి లెక్కపెడుతుంది. 'నోటు ఎక్కడ పెట్టిన్నో యాదికొస్తలేదు చెల్లె, దొరికినంక చింపేస్త తియ్యి' అంటాడతను. చెల్లె అని పిలిచిన మనిషిని రసీదు అడగడం అవమానించినట్టవుతుందని ఆమె భయం. రేపు మళ్లీ అవసరం పడేది కూడా అతనితోనే. ఊళ్లో పరువు, వరసలు, నమ్మకం అన్నీ ఒక వైపుకే పనిచేస్తాయి. అప్పిచ్చేటప్పుడు సంతకం అడగడం అతనికి అవమానంగా తోచదు, తీర్చేటప్పుడు రసీదు అడగడం మాత్రం ఆమెకు అపచారం. రెండేళ్ల తర్వాత ఆ నోటు బయటపడుతుంది. కొన్నిసార్లు ఇంకొకరి పేరుకు మారి మరీ బయటపడుతుంది.

దీనికి చట్టంలో జవాబుంది. అదే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 81వ సెక్షను ఏం చెబుతుందంటే, డబ్బు కట్టే ముందు నోటు చూపించమని అడిగే హక్కు, కట్టగానే దాన్ని తిరిగి తీసుకునే హక్కు అప్పుపడ్డ మనిషికి ఉన్నాయి. నోటు చూపించలేకపోతే, ఇకపై ఆ నోటు మీద ఎవరు అడిగినా ఆ నష్టం తానే భరిస్తానని హామీ పొందే హక్కు ఉంది. ఈ హామీని కాగితం మీదే తీసుకోవాలి. 1881 నుంచి ఉన్న ఈ సెక్షను గురించి తెలిసిన ఒక్క స్త్రీ కూడా నాకు గ్రామాల్లో తారసపడలేదు.

'నోటు వెనక చెల్లు రాసిండు గదా' అని కొందరంటారు. ఆ నోటు ఉండేది అతని దగ్గరే కదా! పైగా గడువులోపు కొంత కట్టి, ఆ చెల్లు కింద తాను సంతకం పెడితే, అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. వెయ్యి రూపాయలు కట్టి మూడేళ్లు పొడిగించుకున్నట్టు.

ఇంతకంటే బాధాకరమైనది భర్త చనిపోయిన ఇళ్లలో చూశాను. వరంగల్ వైపు ఒక పత్తి రైతు ఆత్మహత్య చేసుకున్నాడు. దినాలు ముగిసిన మర్నాడే ఎరువుల దుకాణం యజమాని, ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. ఎరువుల బాకీ, చేబదులు కలిపి రాసిన పాత కాయిదం పోయింది, నీ పేరు మీద కొత్తది రాసియ్యమన్నారు. వడ్డీ అసలులో కలిసింది. ఆమె వేలిముద్ర వేసింది. 'ఇంటి మీదికొచ్చి కూసున్నరు, ఎట్ల కాదంట?' అని నన్నడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ వేలిముద్రతో ఏం జరిగిందో చూడండి. చనిపోయిన మనిషి అప్పుకు వారసులు బాధ్యులయ్యేది ఆయన ఆస్తి వారి చేతికి వచ్చినంత మేరకే. సివిల్ ప్రొసీజర్ కోడ్ 52వ సెక్షను ప్రకారం డిక్రీ కూడా ఆ ఆస్తి మీదే అమలవుతుంది. ఆమెకు చేతికొచ్చిందేమిటి? భూమి పట్టా మామగారి పేరున ఉంది. ఆయన దున్నినదంతా కౌలు భూమి. అంటే చట్టప్రకారం ఆమె కట్టవలసింది దాదాపు ఏమీ లేదు. కొత్త నోటు రాగానే అది ఆమె సొంత అప్పయింది. మూడేళ్ల గడువు మళ్లీ మొదలైంది. పాత బాకీ గడువు దాటిపోయిందే అయినా, కడతానని కొత్తగా రాసి సంతకం పెడితే కాంట్రాక్టు చట్టం 25వ సెక్షను ఆ మాటను కట్టుబడేదిగానే చూస్తుంది. 'పాతదానికి బదులు కాయిదం' అని చెప్పి, లేని బాధ్యతను ఆమె నెత్తిన పెట్టారు.

కథ అంతటితో అయిపోలేదు. ఆత్మహత్య చేసుకున్న రైతుల కుటుంబాలకు లక్షన్నర రూపాయల సహాయం ఇవ్వాలని 2004లో 421వ నెంబరు జీవో వచ్చింది. అందులో 50 వేలు అప్పుల పరిష్కారానికే. తెలంగాణ ప్రభుత్వం 2015లో ఈ సహాయాన్ని ఆరు లక్షలు చేసింది. కానీ అప్పుల వల్లే చనిపోయాడని అధికారుల విచారణలో చూపాలి, అందుకు కాగితాలు కావాలి. ఆయన నోటు 'పోయింది'. ఆమె చేతిలో ఉన్న రుజువేమో ఆయన చనిపోయిన తర్వాతి తేదీతో, ఆమె పేరుతో ఉంది. అప్పు తీర్చమన్నప్పుడు పనికొచ్చిన కాగితం, పరిహారం అడిగినప్పుడు పనికిరాలేదు. ఆమె వెళ్లి పాత అప్పు నిజమేనని రాసివ్వమని ఆ దుకాణదారుణ్నే బతిమాలింది. లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేసేవాడు అలా ఎందుకు రాసిస్తాడు?

బ్యాంకుల సంగతి క్లుప్తంగా చెబుతాను. అప్పు తీరిన 30 రోజుల్లో ఆస్తి పత్రాలు తిరిగివ్వాలని, ఆలస్యమైతే రోజుకు 5000 రూపాయలు చెల్లించాలని రిజర్వ్ బ్యాంకు 2023 సెప్టెంబరులో ఆదేశించింది. పత్రాలు పోతే నకళ్లు తెప్పించే ఖర్చు కూడా సంస్థదే, అందుకు మరో 30 రోజులు ఇచ్చింది. మంచిదే. కాకపోతే ఆస్తిపత్రం ఉన్నవాళ్లకే ఇది పనికొస్తుంది, మన స్త్రీలలో ఎంతమందికి ఆస్తిపత్రం ఉంది? సూక్ష్మరుణ సంస్థల విషయంలో 2022 నాటి ఆదేశాలు ఎక్కువ ఉపయోగం. ప్రతి వాయిదా, చివరికి అప్పు తీరిపోయిన సంగతి లోన్ కార్డులో రాసివ్వాలి, అదీ అప్పు తీసుకున్నామెకు అర్థమయ్యే భాషలో. ఆ కార్డు సంఘం లీడరు దగ్గరో ఏజెంటు సంచిలోనో ఉంటే ఆమెకు లాభం లేదు. మీరు వెళ్లే ప్రతి ఊళ్లో కార్డు ఎవరి దగ్గరుందో ముందు అడగండి.

ఇక, 'నోటు పోయిందని తెలిసినా తీసుకున్న డబ్బు కట్టమంటారా?' అని మీలో ఒకరు ఇందాక చీటీ పంపారు. తాను తీసుకున్నది, న్యాయమైన లెక్క తేలినది కట్టమనే అంటాను. తీసుకోలేదని అబద్ధమాడమని ఏ స్త్రీకీ మనం చెప్పకూడదు, అలా చెబితే రేపు ఆమె నిజం చెప్పినా పంచాయితీలో ఎవరూ నమ్మరు. కానీ కట్టడం వేరు, కొత్త నోటు రాయడం వేరు. పాతది పోయిందన్నవారికి కొత్తది రాయవద్దని, ఖాళీ నోటు మీద అసలే సంతకం పెట్టవద్దని గట్టిగా చెప్పండి. స్టాంపున్న ఖాళీ కాగితం మీద సంతకం పెట్టడమంటే నింపుకునే అధికారం ఇవ్వడమేనని చట్టం భావిస్తుంది. డబ్బు కడితే హామీ రసీదు తీసుకోమనండి. భర్త అప్పు అయితే దినాల్లో ఏ కాగితం మీదా వేలు పెట్టవద్దని, మాట్లాడటానికి సంఘం వస్తుందని కబురు పంపించండి. ఆ ఇంటికి పెద్దమనుషులకంటే ముందు మనం చేరగలగాలి.

రసీదు నమూనా ఒకటి సైక్లోస్టైల్ కాపీలుగా కాక ఈసారి జిరాక్సు తీసి తెచ్చాను, బల్ల మీద ఉంది. పాత నోటు తేదీ, మొత్తం, కట్టిన డబ్బు, నోటు పోయిందన్న అతని మాట, ఇకపై ఆ నోటు మీద ఎవరు అడిగినా తనదే బాధ్యతన్న వాక్యం, అతని సంతకం, ఇద్దరు సాక్షులు. భాష కొంచెం బిరుసుగా ఉంది, మీ ప్రాంతపు మాటలోకి మార్చుకోండి. చదవడం రానివాళ్లకు ముందు చదివి వినిపించి, చదివినవారి పేరు కూడా కింద రాయించండి.