హైస్కూలు చదువు – మన బాధ్యత

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ సందర్భంగా మీతో హైస్కూలు చదువు గురించి నాలుగు మాటలు పంచుకోవాలనుకుంటున్నాం.

మాలో చాలామందిమి ఆశ్రమ పాఠశాలల్లో చదివినవాళ్లమే. ఇంట్లో గోండి, బడిలో తెలుగు. గైడు బట్టీపట్టి పదో తరగతి గట్టెక్కాం. ఊరంతా సంతోషించింది. ఇంటర్ చదవడానికి పట్నం వెళ్లిన మొదటి నెలలోనే, మార్కులు వచ్చాయి గానీ చదువు రాలేదని మాకు తెలిసిపోయింది. దండారి పండుగకు ఇంటికొచ్చిన మా స్నేహితులు కొందరు మళ్లీ కాలేజీ గడప తొక్కలేదు.

ఇప్పుడు పోటీ పక్క జిల్లాతో కాదు, ప్రపంచంతో. పీసా అని ఒక అంతర్జాతీయ పరీక్ష ఉంది. 15 ఏళ్ల పిల్లలకు, అంటే మన పదో తరగతి వయసువాళ్లకు పెడతారు. అందులో పాఠం అప్పజెప్పమనరు. ఒక పట్టికో, గ్రాఫో ఇచ్చి, దీన్నిబట్టి నీకేం అర్థమైందని అడుగుతారు. 2009 విడత పరీక్షలో మన దేశం నుంచి తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ పాల్గొన్నాయి. చదువులో ముందున్నాయని పేరున్న ఆ రెండు రాష్ట్రాలూ దాదాపు అట్టడుగున నిలిచాయి. మరి మన గూడేల పిల్లల సంగతేమిటి?

విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వరకే వర్తిస్తుంది. ఎనిమిదో తరగతితో ఆ హామీ ఆగిపోతుంది. సరిగ్గా అప్పుడే లెక్కలు, సైన్సు బరువెక్కుతాయి. పత్తి చేలో పనికి మనిషి కావాలంటారు. ఆడపిల్లకు పెళ్లి మాటలు మొదలవుతాయి.

మన పిల్లలకు తెలివి తక్కువేమీ కాదు. 1940లలో హైమన్‌డార్ఫ్ దంపతులు మార్లవాయిలో ఉన్న రోజుల్లో గోండి వాచకాలు తయారయ్యాయి, గోండు యువకులే పంతుళ్లయ్యారు. వచ్చిన భాషతో మొదలుపెట్టి రాని భాషకు తీసుకెళ్లారు. హైస్కూల్లో ఈ రోజు కావలసింది కూడా అదే. ఇంగ్లీషు మీడియం అని బోర్డు మార్చినంత మాత్రాన ఇంగ్లీషు రాదు.

ప్రతి హైస్కూల్లో లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు చెప్పే టీచర్లు ఏడాది పొడవునా ఉండాలి. పిల్లలు ప్రయోగాలు తమ చేతులతో చేయాలి. దీనికోసం ఐటీడీఏ అధికారులను అడగడం సంఘంగా మా పని.

మీ పని ఇంకొకటి ఉంది. సెలవులకు ఊరొచ్చినప్పుడు తొమ్మిదో తరగతి పిల్లనో పిల్లాడినో కూర్చోబెట్టుకోండి. సైన్సు పుస్తకంలో ఒక పేజీ చదివించి, అందులో ఏముందో గోండిలో చెప్పమనండి. చెప్పగలిగితే అర్థమైనట్టే. చెప్పలేకపోతే ఆ పేజీ దగ్గరే మొదలుపెట్టండి, కోప్పడకండి. మా పక్కన ఆనాడు అలా ఎవరైనా కూర్చుని ఉంటే, దండారికి వచ్చిన ఆ స్నేహితులు తిరిగి కాలేజీకి వెళ్లేవాళ్లని మా నమ్మకం.

జై సేవా!