అడవే లోకమైన చోట



ఇవాళ మనం మాట్లాడుకోబోయేది ఒక సైన్స్ ఫిక్షన్ నవల. రేగుంటలో కూర్చుని వేరే గ్రహం ముచ్చట ఎందుకని మీకు అనిపించవచ్చు. కథ విన్నాక ఆ గ్రహం ఎంత దూరమో మీరే చెప్పండి.

అమెరికన్ రచయిత్రి ఉర్సులా లెగ్విన్, వియత్నాం యుద్ధం సాగుతున్న రోజుల్లో ‘ది వర్డ్ ఫర్ వరల్డ్ ఈజ్ ఫారెస్ట్’ అనే చిన్న నవల రాశారు. 1972లో అచ్చయింది. మరుసటి ఏడాది హ్యూగో పురస్కారం వచ్చింది. భూమ్మీద అడవులు అయిపోయి, మనుషులు కలప కోసం ఆత్షే అనే గ్రహానికి వెళ్తారు. అక్కడి వాళ్ళ భాషలో లోకానికీ అడవికీ ఒకటే మాట. వెళ్ళినవాళ్ళు ఆ అడవి నరుకుతారు, అక్కడి వాళ్ళ చేతనే వెట్టి చేయిస్తారు. డేవిడ్సన్ అనే సైనికాధికారి కంటికి వాళ్ళు అసలు మనుషులే కారు. అతని అత్యాచారానికి సెల్వర్ అనే ఆదివాసి భార్య బలైపోతుంది. హత్య అంటే ఎరగని ఆ జాతి సెల్వర్ వెంట తిరగబడి గెలుస్తుంది. వచ్చినవాళ్ళు గ్రహం వదిలి పోతారు. కానీ చంపడం నేర్చిన చేతులు దాన్ని మరిచిపోవు. ఆ దుఃఖం దగ్గరే నవల ఆగుతుంది.

ఇప్పుడు ఇంద్రావతి అవతలికి చూద్దాం. 2005 జూన్‌లో బీజాపూర్ ప్రాంతంలో సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టుల మీద ప్రజల ఉద్యమమని దానికి పేరు పెట్టారు. ఊళ్ళు తగలబడ్డాయి. జనాన్ని రోడ్డు పక్క శిబిరాలకు తరలించారు. శిబిరానికి పోనివాడు మావోయిస్టు అయ్యాడు. పోయినవాడు మావోయిస్టులకు శత్రువయ్యాడు. రెండు తుపాకుల మధ్య నిలవలేక వేలాది మంది సరిహద్దు దాటి ఖమ్మం, వరంగల్ అడవుల్లోకి వచ్చారు. మన పత్రికలు గుత్తికోయలు అని రాసేది వీళ్ళ గురించే.

జుడుం కాలంలో ఐదో తరగతి చదివిన ఆదివాసీ యువకులకు నెలకు రూ.3,000 గౌరవ వేతనం ఇచ్చి, ప్రత్యేక పోలీసు అధికారులని పేరు పెట్టి, తుపాకులు చేతికిచ్చారు. 2011 జులై 5న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు బి. సుదర్శన్ రెడ్డి, ఎస్.ఎస్. నిజ్జర్ ఇది రాజ్యాంగ విరుద్ధమని తేల్చారు. ఆ తీర్పులో జోసెఫ్ కాన్రాడ్ నవల ‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’ ప్రస్తావన ఉంది. నవలలకూ న్యాయానికీ ఏం సంబంధమని అడిగేవారికి ఇంతకన్నా జవాబు అక్కర్లేదు. అదే ఏడాది ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం సహాయక సాయుధ పోలీసు దళాల చట్టం తెచ్చింది. అధికారం పేరు మార్చుకోగలదు. తుపాకీ పట్టిన కుర్రవాడి చేతులు మాత్రం అవే.

నవలకూ మనకూ ఒక పెద్ద తేడా ఉంది. అక్కడ దండెత్తినవాళ్ళు ఓడ ఎక్కి వెళ్ళిపోయారు. ఇక్కడ కొట్టినవాడు, దెబ్బ తిన్నవాడు, పారిపోయినవాడు ఒకే గూడెం వాళ్ళు. ఎవరికీ వెళ్ళిపోవడానికి ఇంకో గ్రహం లేదు. కలిసి బతకడం ఒక్కటే దారి.

అధికారం అంటే తుపాకీ ఒక్కటే కాదు. కాగితం కూడా అధికారమే. అటవీ హక్కుల చట్టం ప్రకారం ఆదివాసీకి పట్టా రావాలంటే 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి ఆ భూమి అతని సాగులో ఉండాలి. జుడుం మొదలైంది ఆ ఏడాది జూన్‌లో. ఆ తేదీ తర్వాత వచ్చినవాళ్ళ పోడుకు పట్టా లేదు. అక్కడ షెడ్యూల్డ్ తెగ అయినవాడు ఇక్కడికి వచ్చేసరికి ఆ ధ్రువపత్రానికి నోచుకోడు. అటవీ సిబ్బంది గుడిసెలు పీకేసిన సందర్భాలూ ఉన్నాయి. ఇక్కడి కోయలకు తమ భూమి తగ్గిపోతుందన్న భయమూ ఉంది. ఆ భయం అబద్ధం కాదు. పేదవాడికీ పేదవాడికీ పోటీ పెట్టి పక్కకు తప్పుకోవడం కూడా అధికారం చేసే పనే.

దారి లేదని మాత్రం ఎవరూ అనలేరు. 1997లో మిజోరం నుంచి త్రిపురకు పారిపోయిన బ్రూ ప్రజలను అక్కడే స్థిరపరచడానికి 2020 జనవరిలో ఒప్పందం కుదిరింది. సుమారు 34,000 మందికి స్థలం, ఇల్లు, రేషన్ ఇస్తామన్నారు. ఇరవై రెండేళ్ళకు పైగా పట్టింది, కానీ కుదిరింది. బ్రూలకు ఇవ్వగలిగిన దేశం మురియాలకు ఎందుకు ఇవ్వలేదు? ఈ ప్రశ్న మనం అడగాలి.

నవలలో ల్యుబోవ్ అనే శాస్త్రవేత్త ఉన్నాడు. మంచివాడు. ఆ జనం భాష నేర్చాడు, జరుగుతున్న అన్యాయం తెలిసినవాడు, నివేదికలు రాశాడు. ఆపలేకపోయాడు. చదువుకున్న మనలో చాలామందిది అతని స్థానమే. తెలుసు, బాధపడతాం, రాస్తాం. అంతటితో సరిపోదు.

మన దగ్గర తుపాకీ లేదు. దరఖాస్తు రాయగల చెయ్యి ఉంది, గోండీ, తెలుగు, మరాఠీ కలిసి వినిపించే నేల మీద పెరిగిన నాలుక ఉంది. వలస గూడెం బిడ్డను బడిలో చేర్చడానికి, రేషన్ కార్డు ఇప్పించడానికి, గుడిసె పీకే రోజున పక్కన నిలబడడానికి అవి పనికొస్తాయి. మనకున్న అధికారం కొంచెమే. దాన్ని ఎవరి పక్షాన వాడుతున్నామన్నదే మనల్ని అడగవలసిన ప్రశ్న.