గ్రంథాలయ వారోత్సవం ఏడు రోజులేనా?

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కార్యదర్శిగారు నాకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకంటే బాగా తెలిసినవారు తర్వాత మాట్లాడతారు. నేను మన ఊరి శాఖా గ్రంథాలయం గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు వారోత్సవాలు జరుగుతాయి. మొదటిరోజు పిల్లల పండుగ. ఆ తర్వాత పుస్తక ప్రదర్శన, వక్తృత్వ పోటీలు, కవి సమ్మేళనం, మహిళలకు ముగ్గుల పోటీ. చివరిరోజు బహుమతి ప్రదానం. బ్యానరు కడతారు, ఫొటోలు తీస్తారు, మర్నాడు పేపర్లో చిన్న వార్త వస్తుంది. 21వ తేదీ ఉదయం వెళ్ళి చూస్తే ఆ పాత నలుగురే పత్రికలు తిరగేస్తూ కనిపిస్తారు. నేనడిగేది ఒక్కటే. మిగతా 358 రోజులు ఆ భవనంలో ఏం జరగాలి? జరిపించవలసినవారు ఎవరు?

మన పెద్దలు గ్రంథాలయాన్ని ఏనాడూ పుస్తకాల గదిగా మాత్రమే చూడలేదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. నిజాం పాలనలో తెలుగువారు తమ భాషలో చదువుకోవడానికి, నలుగురూ కూడి మాట్లాడుకోవడానికి అది చోటయింది. 1914 ఏప్రిల్‌లో బెజవాడ రామమోహన గ్రంథాలయంలో, అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో, ఆంధ్రదేశ గ్రంథాలయాల తొలి మహాసభ జరిగింది. అధ్యక్షత వహించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. ఆయనకు చిన్ననాటి నుంచి రేచీకటి. తర్వాత చూపు పోయాక తన స్వీయచరిత్రను చెప్పి వ్రాయించారు. చూపు పోయినవారికీ పుస్తకంతో పని ఉంటుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

1935లో పాతూరి నాగభూషణంగారు గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువమీద పడవలో గ్రంథాలయం నడిపించారు. పాఠకుడు రాలేకపోతే పుస్తకమే అతని ఊరి రేవుకు వెళ్ళింది. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వయోజన విద్యనూ గ్రంథాలయోద్యమాన్నీ ఒకే పనిగా చూశారు. చదువురానివారిని, రాలేనివారిని కూడా లెక్కలోకి తీసుకోవడం ఆ పెద్దల పద్ధతి. ఇవాళ మనం 'కార్యక్రమాలు' అని వేరుగా చెప్పుకునేవి వారి దృష్టిలో గ్రంథాలయం చేయవలసిన అసలు పనులే.

ఇక హక్కు సంగతి. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం మన ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంటుంది. 2,000 రూపాయల పన్ను కట్టేవారు 160 రూపాయలు గ్రంథాలయానికి ఇస్తున్నట్టు. అద్దె ఇంట్లో ఉన్నవారు అద్దెలో కలిపి ఇస్తున్నట్టే. స్థానిక సంస్థ ఆ సొమ్ము వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. సకాలంలో జమ కావడం లేదనే ఫిర్యాదు చాలా జిల్లాలలో వింటూనే ఉన్నాం. కాబట్టి అక్కడ ఏదైనా అడిగితే ఎవరి దయనో కోరుతున్నామని సంకోచించనక్కరలేదు.

అయితే అడగడానికి చేతిలో కాగితం ఉండాలి. మనమంతా ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళం. అంకె లేని ప్రతిపాదన ఏ టేబులు దగ్గర ఆగిపోతుందో మనకు తెలుసు. గ్రంథాలయానికి ఆ అంకె సందర్శకుల రిజిస్టరులో ఉంటుంది. మనలో చాలామంది పేపరు చదివి, సంతకం చేయకుండానే వచ్చేస్తారు. "రోజూ వచ్చేవాళ్ళమే కదా, సంతకమెందుకు" అంటారు. యాభైమంది వచ్చి పదిమంది సంతకం పెడితే, పైఆఫీసుకు వచ్చినవారు పదిమందే. రేపు కొత్త పత్రికలు కావాలన్నా, సాయంత్రం వేళ మరో గంట తెరవాలన్నా, ఖాళీగా ఉన్న పోస్టు నింపాలన్నా ఆ పదినే చూస్తారు. పనివేళలు తగ్గించాలన్నా దాన్నే చూపిస్తారు. దయచేసి సంతకం పెట్టండి. మీ ఇంట్లోవాళ్ళు వస్తే వాళ్ళచేత కూడా పెట్టించండి.

మన శాఖలో ఉన్నది ఒక్క గ్రంథపాలకుడు, ఒక సహాయకుడు. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడం, రిజిస్టర్లు, నెలవారీ నివేదికలు అన్నీ వారిమీదే. ఏడాది పొడవునా కార్యక్రమాలు నడపమంటే వారికి సాధ్యం కాదు. అక్కడ లేని సమయం మన దగ్గరుంది. అందుకే నాలుగు పనులు ప్రతిపాదిస్తున్నాను.

మొదటిది, వారానికి ఒక గంట చదివి వినిపించడం. శుక్లాలతోనో, షుగరుతోనో చూపు తగ్గినవారు మనలో ఎందరో ఉన్నారు. గొంతు బాగున్నవారు ఒకరు కథ చదివితే పదిమంది వింటారు. దీనికి ఖర్చు లేదు.

రెండవది, నెలకొకసారి పెన్షను కాగితాల సహాయ దినం. మన సభ్యుడొకరు కాలం చేసినప్పుడు ఆయన భార్యకు పి.పి.ఓ. ఏ పెట్టెలో ఉందో తెలియలేదు. ఫ్యామిలీ పెన్షను దరఖాస్తుకు ఆమె ఎవరెవరినో బతిమాలుకోవలసి వచ్చింది. ఆమెకు ఆ పని ముందే చెప్పగలిగినవాళ్ళం ఈ ఊళ్ళోనే యాభైమందిమి ఉన్నాం. పి.పి.ఓ.లో భార్య పేరు, పుట్టిన తేదీ సరిగా ఉన్నాయా, బ్యాంకు ఖాతా జాయింటుగా ఉందా అని భర్త బ్రతికి ఉండగానే చూసుకోవాలి. ఆరోజు దంపతులు ఇద్దరూ రావాలి. 2014 నుంచి వచ్చిన జీవన్ ప్రమాణ్ డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్టు సెల్‌ఫోనులో ఎలా ఇవ్వాలో మన మనవలచేత చెప్పిద్దాం. కేంద్ర పెన్షనర్లకు ఆ పని పడేది నవంబరులోనే గనుక వారోత్సవాల్లోనే మొదలుపెట్టవచ్చు.

మూడవది, పిల్లల కథల గంట. వేసవి శిబిరాలు గ్రంథాలయాల్లో జరుగుతూనే ఉన్నాయి. బడులు తెరవగానే ఆ పిల్లలు మళ్ళీ కనిపించరు. రెండవ శనివారమో, ఆదివారమో బడి లేని పూట చూసుకుని, వాళ్ళకు నాయనమ్మలు, అమ్మమ్మలు కథలు చెప్పాలి. పఠన మందిరమంటే మగవాళ్ళు పేపరు చదివే చోటని మన ఇళ్ళలో ఆడవాళ్ళు గుమ్మం తొక్కడం లేదు. కథ చెప్పడానికి పిలిస్తే వస్తారు. వచ్చినవారు పుస్తకమూ తీసుకువెళతారు.

నాలుగవది కొంచెం చేదు మాట. గ్రూప్ పరీక్షలకు చదివే పిల్లలు ఉదయమే సంచులతో వచ్చి కుర్చీ దొరక్క మెట్లమీద కూర్చుంటున్నారు. లోపల ఫ్యాను కింద మనవాళ్ళు రాజకీయాలు మాట్లాడుతుంటారు. ఆ పిల్లలకు ఆ కుర్చీ ఒక ఉద్యోగం. పేపరు చదవడం కాగానే పెద్ద బల్ల వాళ్ళకు వదిలి, మన మాటలు వరండాలో పెట్టుకుందాం. ఆఫీసు కరస్పాండెన్సు, ఖాతాలు, ఇంగ్లీషు డ్రాఫ్టింగు తెలిసినవారు వాళ్ళకు వారానికి ఒక పూట చెప్పవచ్చు. డిపార్టుమెంటు పరీక్షలు వ్రాసి ప్యాసయిన అనుభవం ఊరికే పోకూడదు.

వీటికి అనుమతి కోరుతూ గ్రంథపాలకునికి, జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి సంఘం లెటర్‌హెడ్ మీద వ్రాద్దాం. ఇన్‌వార్డు నంబరు వేయించుకుందాం. మన ఊళ్ళో గత మూడేళ్ళలో వసూలైన సెస్సు ఎంత, జమచేసినది ఎంత అని 2005 సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెడదాం. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఇందులో తగాదా ఏమీ లేదు. లెక్క అడగడం మనకు అలవాటైన పనే.

ఈ నాలుగు పనులకు పేర్లు ఇవ్వడానికి ఒక కాగితం కార్యదర్శిగారి బల్లమీద ఉంచాను. ఎవరు ఏ వారం రాగలరో వ్రాయండి. రాలేని వారం కూడా వ్రాయండి, ఆ వారానికి మరొకరిని చూసుకోవచ్చు. మొదటి చదువు వచ్చే బుధవారం సాయంత్రం నాలుగు గంటలకు. చదవడానికి నేను వస్తాను. వినడానికి మీరు రావాలి.