న్యూయార్క్ రద్దీలో గంజాయి: కొన్ని జాగ్రత్తలు

న్యూయార్క్ రాష్ట్రంలో 21 ఏళ్లు నిండినవారు గంజాయి వాడటాన్ని 2021 మార్చి 31న చట్టబద్ధం చేశారు. ఒక్కొక్కరి దగ్గర 3 ఔన్సులు, అంటే సుమారు 85 గ్రాముల వరకు ఉండవచ్చు. అయితే కార్లలోనూ న్యూయార్క్ నగర పార్కుల్లోనూ దాని పొగ తాగడం నిషిద్ధం.

గంజాయిలో మత్తు కలిగించేది టీహెచ్‌సీ అనే పదార్థం. అది మెదడులోని సీబీ1 గ్రాహకాలపై పనిచేసి, కాలం గడిచే తీరును, చుట్టూ ఉన్న శబ్దాలను మనిషి గ్రహించే పద్ధతిని మారుస్తుంది. గుండె వేగాన్ని పెంచుతుంది. మోతాదు ఎక్కువైతే ఆందోళన, భయం కలగవచ్చు. సబ్‌వే రొద, హారన్లు, కళ్లు చెదిరే తెరలు, జనం తోపులాట ఆ భయాన్ని ఇంకా పెంచగలవు. అందుకే రద్దీ వీధికంటే తెలిసిన ఇల్లు, నమ్మకమైన తోడు మేలు.

పొగ ప్రభావం నిమిషాల్లో తెలుస్తుంది. తినే పదార్థాలకు అరగంట నుంచి 2 గంటలు పడుతుంది. ఇంకా ఏమీ కాలేదని మరో ముక్క తినడమే తరచూ జరిగే పొరపాటు. మద్యంతో కలిపితే మత్తు తీవ్రమవుతుంది. ఆ స్థితిలో వాహనం నడపడం ప్రమాదం, నేరం కూడా.

కంగారు మొదలైతే నిశ్శబ్దమైన చోట కూర్చుని నెమ్మదిగా ఊపిరి తీసుకోవాలి. ఛాతీ నొప్పి వస్తే అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయాలి. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవారు, కుటుంబంలో సైకోసిస్ (వాస్తవంతో సంబంధం తెగే మానసిక రుగ్మత) చరిత్ర ఉన్నవారు దీనికి దూరంగా ఉండాలి.

రాష్ట్రం అనుమతించినా అమెరికా సమాఖ్య చట్టం గంజాయిని నియంత్రిత పదార్థంగానే చూస్తుంది. అందువల్ల అక్కడ చదివే తెలుగు విద్యార్థులకు వీసా చిక్కులు రావచ్చు. భారతదేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం (ఎన్‌డీపీఎస్) ప్రకారం గంజాయి దగ్గర ఉంచుకోవడమే నేరం.